ఒక్క పుటకు పలు పాఠములు

వ్రాసినవాని చేతినుండి వెలువడిన మాట చదువువాని కంటికి చేరునప్పటికి మార్పు చెందకుండవలెననుట గ్రంథప్రచారమునకు మొదటి ధర్మము. ఈ ధర్మము నెరవేరుట ఎంత కష్టమో మన గోదావరీమండల చరిత్రమే చెప్పుచున్నది. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కొలువున, రాజమహేంద్రవరమునందు నన్నయభట్టు భారతమును తెనిగింప పూనుకొనెను. ఆయన స్వహస్తమున వ్రాసిన ప్రతి మనకు దక్కలేదు. దక్కినవి ఒకరిని చూచి ఒకరు తాటాకులపై వ్రాసికొన్న లేఖకుల ప్రతులు. ఒక లేఖకుడు ఒక అక్షరమును జారవిడిచెను. మఱియొకడు తనకు తెలియని పదమును తెలిసిన పదముగా దిద్దెను. ఇట్లు పాఠభేదములు పుట్టినవి. 19వ శతాబ్దిలో చార్లెసు ఫిలిప్ బ్రౌను దొర ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పండితులను కూర్చుండబెట్టి, వానిని సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయింపవలసివచ్చినది ఇందువలననే.

అచ్చుయంత్రము వచ్చి ఈ చిక్కును చాలవఱకు తీర్చినది. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని ఆరంభించిరి. పిమ్మట రాజమహేంద్రవరములోనే ముద్రాశాలను నెలకొల్పుకొనిరి. ముద్రాశాలలో అక్షరములు కూర్చిన పిదప ఒక ప్రూఫు తీయుదురు. దానిని దిద్దినచో తరువాత అచ్చగు ప్రతులన్నియు ఒక్కరీతిగ నుండును. ధనవంతుని చేతిలోని పత్రికయు, పేద ఉపాధ్యాయుని చేతిలోని పత్రికయు అక్షరమునకు అక్షరము ఒక్కటే. స్త్రీవిద్యనుగూర్చియు వితంతువివాహమునుగూర్చియు వ్రాసిన వ్యాసములు ఊరూర ఒకే రూపమున చదువబడుటకు ఈ సమత్వము తోడ్పడినది. సంస్కరణోద్యమమునకు అచ్చు చేసిన ఉపకారములలో ఇది చిన్నది కాదు.

అంతర్జాలము వచ్చిన పిదప మనము మరల లేఖకుల కాలమునకు కొంత వెనుదిరిగితిమని చెప్పిన పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. కాని ఇది నిజము. వెబ్ పుట అచ్చయిన కాగితము వంటిది కాదు. దానిని నిలువచేసిన కంప్యూటరు మనకు పంపునది సిద్ధమైన రూపము కాదు. అక్షరముల సంఖ్యాసంకేతములను, ‘ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక’ అను సూచనలను మాత్రమే పంపును. ఆ పుటను కూర్చువాడు చదువరి యింటనే యున్నాడు. వాడే బ్రౌజరు. వానికి సాయపడునది విండోసు, లినక్సు, ఆండ్రాయిడు మొదలగు ఆపరేటింగు సిస్టము. అక్షరరూపములిచ్చునది ఫాంటు. లక్షమంది చదివినచో లక్ష తావులలో ఆ పుట క్రొత్తగా కూర్చబడును. ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క లేఖకుడు. కావుననే ఒక పుటను పలు బ్రౌజరులలోను, పలు ఆపరేటింగు సిస్టములలోను తెఱచి చూచు పరీక్ష ఏర్పడినది. ఈ పరీక్ష పనివారి ముచ్చట మాత్రమే కాదనియు, తెలుగువారి చదువు హక్కునకు సంబంధించినదనియు మా అభిప్రాయము.

ఇంగ్లీషు అక్షరములు పూసలవలె ప్రక్కప్రక్కన నిలుచును. మన అక్షరములు అట్లు కావు. తలకట్టు పైనుండును, వత్తు క్రిందనుండును, కొన్ని గుర్తులు రెండుప్రక్కల వ్యాపించును. ‘స్త్రీ’ అనునది కంటికి ఒక్క అక్షరము. యంత్రమునకు ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుడి. ఈ ఆరింటిని ఒక్క ముద్దగా కూర్చు యంత్రాంగము వేఱుగ నుండవలెను. అది లేనిచో ‘స్‌త్‌రీ’ యని విడివిడిగా నిలుచును. ఫాంటే లేనిచో ఆరు డబ్బాలు కనబడును. పంపినవాని తప్పు ఒక్కటియు లేకున్నను చదువరికి చేరునది తప్పుల తడక యగును.

ఈ వైవిధ్యము లోకమందంతటను పుట్టినదే. 1990లో టిమ్ బర్నర్స్-లీ మొదటి బ్రౌజరును వ్రాసెను. 1993లో మొజాయికు, 1994లో నెట్‌స్కేపు, 1995లో మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు వెలువడినవి. తరువాత రెండు సంస్థలకును గొప్ప పోటీ నడచినది. ఒకరు చేర్చిన సూచన మఱియొకరికి తెలియదు. ‘ఈ పుటను ఫలానా బ్రౌజరులోనే చూడుడు’ అను బోర్డులు వెబ్‌సైటుల గుమ్మములకు వ్రేలాడినవి. అనగా, ‘మా యింటికి రావలెనన్న మేము చెప్పిన చెప్పులు తొడిగికొని రండు’ అనుట. ప్రమాణములు ఏర్పఱచుటకై 1994లోనే డబ్ల్యు3సి అను సంఘము పుట్టియుండినను, దాని మాట వినువారు తక్కువ. ఆ ప్రమాణములను పాటింపుడని ఒత్తిడి తెచ్చుటకై 1998లో వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టు అను బృందము బయలుదేఱెను. 2005లో ‘ఆసిడ్ 2’ అను పరీక్షాపుటను వారు ప్రకటించిరి. బ్రౌజరు ప్రమాణములను సరిగా పాటించినచో ఆ పుటలో నవ్వు మొగము కనబడును. లేనిచో ఆ మొగము చెదరిపోవును. ఏ బ్రౌజరు పాసయ్యెనో ఏది తప్పెనో పామరునికిని తెలియునట్లు చేసిన పరీక్ష యది.

ఇంగ్లీషు పుటలకు వచ్చిన కష్టము గడులు చెదరుట, రంగులు మాఱుట. తెలుగు పుటలకు వచ్చిన కష్టము అక్షరమే పోవుట. భారతీయ లిపులకు సంకేతములు లేకపోలేదు. ఇస్కీ అను సంకేతావళి 1991లో భారతీయ ప్రమాణముగా స్థిరపడెను. అదే సంవత్సరమున వెలువడిన యూనికోడు మొదటి సంపుటిలోనే తెలుగునకు స్థానము దొరకెను. కాని స్థానము దొరకుట వేఱు, తెరపై కనబడుట వేఱు. 2000లో వచ్చిన విండోసులో దేవనాగరికిని తమిళమునకును ఏర్పాటు కలదు, తెలుగునకు లేదు. అప్పటికే తెలుగు దినపత్రికలు అంతర్జాలమునకు వచ్చుచుండెను. వారేమి చేయుదురు? ఇంగ్లీషు అక్షరముల సంకేతములకే తెలుగు రూపములు తొడిగి, ఎవరి ఫాంటు వారు చేసికొనిరి. ఈనాడునకు ఒక ఫాంటు, వార్తకు మఱియొక ఫాంటు. ఒక పత్రికను చదువుటకు దించుకొన్న ఫాంటు రెండవ పత్రికకు పనికిరాదు. ఫాంటు లేని యంత్రమున ఆ వార్త అర్థములేని రోమను అక్షరముల గుంపుగా కనబడును.

పోనీ, ఫాంటు ఉన్నవారికైన పూర్తి మేలు కలిగెనా? లేదు. యంత్రము దృష్టిలో అది తెలుగే కాదు. అందులో ఒక మాటను వెదకినచో దొరకదు. నకలు తీసి ఉత్తరములో అతికించినచో అపభ్రంశమగును. కన్నులు లేనివారికి చదివి వినిపించు సాధనము దానిని చదువలేదు. ఒక విండోసు కంప్యూటరుమీద, ఒక బ్రౌజరులో, ఒక ఫాంటు నెక్కించి చూచి ‘మా పుట చక్కగా నున్నది’ అని తృప్తిపడుటవలన వచ్చిన ఫలమిది. నాటి తెలుగు వార్తలలో ఎన్నో ఈ కారణముచేత వెదకుటకు వీలులేని తెరమఱుగున పడినవి.

2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీతో మార్పు మొదలయ్యెను. అందు మైక్రోసాఫ్టువారు చేర్చిన తెలుగు ఫాంటు పేరు ‘గౌతమి’. ధవళేశ్వరమువద్ద గోదావరి చీలిన పిదప తూర్పుపాయకు మనము పిలుచుకొను పేరదే. అయినను ఆ గౌతమి తనంతట ప్రవహింపలేదు. కంట్రోలు ప్యానెలులోనికి పోయి, సంక్లిష్ట లిపుల ఏర్పాటునకు గుర్తుపెట్టి, సీడీని తిరిగి పెట్టిననే కాని తెలుగు సరిగా కూర్చబడెడిది కాదు. ఈ సంగతి తెలిసినవారి యింట తెలుగు తెలుగుగా కనబడెను. తెలియనివారి యింట గుణింతములు విఱిగి పడెను. యంత్రమొక్కటే, బ్రౌజరొక్కటే, ఫలితము మాత్రము రెండు విధములు.

ఈ దశలో వ్యక్తులు చేసిన సేవ స్మరింపదగినది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు ‘పోతన’ అను యూనికోడు ఫాంటును రూపొందించి అందఱకు అందఁజేసిరి. వెన్న నాగార్జునగారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిరి. ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు ‘పద్మ’ అను ఉపకరణమును గూడ ఆయనయే నిర్మించిరి. పత్రికలు తమ తమ ఫాంటులలో వ్రాసిన పుటలను చదువరి తెఱవగనే, అది వానిని యూనికోడు తెలుగులోనికి మార్చి చూపును. తాటాకుల నాటి పండితులు పలు ప్రతులను సరిపోల్చి ఒక శుద్ధప్రతి వ్రాసినట్లు, ఈ ఉపకరణము పలు సంకేతావళులను ఒక్క లిపిలోనికి తెచ్చినది. ఉపాయము గొప్పదే. కాని శుద్ధప్రతి వ్రాసికొను భారము చదువరిపై పడినదని మఱువరాదు. అది ప్రకటించినవాడు మోయవలసిన భారము.

పత్రికలు క్రమముగా యూనికోడునకు వచ్చినవి. ఫాంటును పుటతోపాటే పంపు పద్ధతి 2009 తరువాత ముఖ్యమైన బ్రౌజరులన్నిటను స్థిరపడెను. ఇక చిక్కు తీఱినదని పలువురు తలచిరి. అంతలో సెల్‌ఫోను వచ్చెను. కంప్యూటరుపై పదేండ్లు శ్రమించి గెలిచిన యుద్ధమును చేతిలోని చిన్న తెరపై మరల మొదటినుండి చేయవలసివచ్చెను. 2010 ప్రాంతపు ఫోనులలో పెక్కింట తెలుగు ఫాంటు లేదు. తెలుగు తెలిసిన యువకులు అప్పుడు ఒపేరా మినీ అను బ్రౌజరులోని ఒక మఱుగు అమరికను ఒకరికొకరు చెప్పుకొనిరి. దానిని మార్చినచో దూరమునున్న యంత్రమే తెలుగును బొమ్మగా గీసి పంపును. ఫోనులో ఫాంటు లేకున్నను చదువవచ్చును. మఱుగున నున్న అమరిక తెలిసినవానికే మాతృభాష దక్కుట విచారింపదగిన విషయము కాదా?

తెలుగక్షరము యంత్రమును ఎంతగా తికమక పెట్టగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచెను. ఐఫోనులోని ఐఓఎస్ 11.2.5 అను కూర్పులో ఒక లోపముండెను. జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనబడని ఒక విభాజకచిహ్నము, ఆకారపు దీర్ఘము అను ఐదు సంకేతములు ఆ క్రమమున వచ్చినచో, దానిని తెరపై చూపబోయిన అప్లికేషను కూలిపోవుచుండెను. ఆ మాట సందేశముగా వచ్చిన చాలును, సందేశములపెట్టె తెఱచుకొనకుండెడిది. ఆపిల్ సంస్థవారు ఆ నెల 19వ తేదీన 11.2.6 కూర్పును విడుదల చేసి దానిని సరిదిద్దిరి. అక్షరమేదో పాఠకులు గ్రహించియే యుందురు: ‘జ్ఞానము’ అను మాటకు మొదటి అక్షరము. ఐఫోనులు వాడువారిలో తెలుగు తెలియనివారే ఎక్కువ. అయినను ఆ లోపము వారికిని తగిలెను. ఒక భాషను పరీక్షింపక విడిచినచో నష్టము ఆ భాషవారికే పరిమితము కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

లిపి నిలిచియున్న వస్తువు కాదనుట మఱియొక కారణము. మన నిఘంటువులలో వాడు దంత్య చకార జకారములు ‘ౘ’, ‘ౙ’ యూనికోడులోనికి 2008లో వచ్చినవి. పాత తాళపత్రములందును పూర్వపు అచ్చుపుస్తకములందును కనబడు నకారపొల్లునకు 2021లో మాత్రమే స్థానము లభించెను. ఒక ప్రాచీనగ్రంథమును యథాతథముగా అంతర్జాలమున పెట్టగోరు గ్రంథాలయమువారు క్రొత్త కంప్యూటరుపై నకారపొల్లును చక్కగా చూడవచ్చును. అంతకుముందు కొన్న ఫోనులో అదే తావున డబ్బా కనబడవచ్చును. పాఠభేదము మరల పుట్టెను. ఈసారి లేఖకుని అశ్రద్ధవలన కాదు, యంత్రము వయస్సువలన.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. ‘ఆ కాలము గడచినది. మైక్రోసాఫ్టువారి ఎడ్జి 2020లో గూగుల్ క్రోము పునాదిపైకి మాఱెను. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 2022 జూనులో విరమించెను. మిగిలినవి ముఖ్యముగా మూడే యంత్రాంగములు: క్రోముది, సఫారిది, ఫైర్‌ఫాక్సుది. 2022 నుండి ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్టు, మొజిల్లా సంస్థలు ఇంటరాప్ అను పేర ఏటేట కలిసి తమ భేదములను పరీక్షించి తగ్గించుకొనుచున్నవి. ఇక మనకేల శ్రమ?’ అని. భేదములు తగ్గినమాట వాస్తవము. కాని ఆ సంస్థలు పరీక్షించునది బ్రౌజరును. మన పుటను కాదు. మన పుటలో మనము చేసిన తప్పును వారు కనిపెట్టరు.

అట్టి తప్పులు చిన్నవిగా నుండి పెద్ద హాని చేయును. పుట రచించువాడు ఇంగ్లీషు అక్షరముల కొలతతో పంక్తి యెత్తును నిర్ణయించును. ఇంగ్లీషునకు అది సరిపోవును. తెలుగులో క్రింది వత్తు తెగిపోవును. ‘కల్ల’ ‘కల’ యగును. ‘గద్ద’ ‘గద’ యగును. ‘సుబ్బన్న’ ‘సుబన’ యగును. ఒక ఫాంటులో వత్తు పొట్టిగా నుండి లోపము కనబడదు. మఱియొక సిస్టములోని ఫాంటునందు వత్తు పొడుగుగా నుండి తెగును. అందముకొఱకు అక్షరముల నడుమ ఎడము పెంచినచో కొన్ని తావుల సంయుక్తాక్షరములు చెదరును. క్రింది గీత వత్తులమీదుగా పోయి వానిని కొట్టివేసినట్లు చూపును. విండోసులో వ్రాసి విండోసులో చూచుకొన్నవానికి ఇవి తెలియవు.

దీనివలన నష్టపడువారెవరో చూడవలెను. 2015లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మీభూమి వెబ్‌సైటును నెలకొల్పినది మొదలు అడంగలును, 1-బిని రైతు తన ఫోనులోనే చూచుకొనవచ్చును. పరీక్షాఫలితములు, మందుల వాడుక, పింఛను దరఖాస్తు, అన్నియు తెరమీదికే వచ్చినవి. పట్టణమున క్రొత్త ఫోను కొన్నవానికి పుట సరిగా కనబడును. కోనసీమలో అన్నగారు వాడి విడిచిన ఫోనును చేతబట్టుకొన్న విద్యార్థినికి కనబడునో లేదో ఎవరు చూచిరి? భూమిపత్రములో పేరునకు ఒక వత్తు తగ్గినచో తగవు పుట్టును. మందు వాడుకలో ‘వద్దు’ అను మాట చెడినచో ప్రాణమునకే ముప్పు.

మన డెల్టావారికి ఈ న్యాయము క్రొత్తది కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయ్యెను. నాటినుండి నేటివఱకు కాలువ బాగున్నదా లేదా యని తేల్చునది ఆనకట్టవద్ద నిలిచిన నీటిమట్టము కాదు. లాకులన్నియు దాటి, శివారు భూమిలోని చేను తడిసినప్పుడే కాలువ పాఱినట్లు. తలవద్ద నీరు నిండియుండి శివారు ఎండినచో ఏ రైతును ఆ కాలువను మెచ్చడు. వెబ్ పుటయు అట్టిదే. వ్రాసినవాని కంప్యూటరు తలకాలువ. పాత ఫోను పట్టుకొన్న చదువరి శివారు.

పరీక్ష కష్టమైనది కాదు. పలు యంత్రములను కొనజాలనివారికి దూరమునుండియే వానిని వాడుకొను వసతి కలదు. 2011లో ముంబయిలో పుట్టిన బ్రౌజర్‌స్టాక్ అను సంస్థ ఈ వ్యాపారమే చేయుచున్నది. పాఠశాలలు, గ్రంథాలయములు, చిన్న పత్రికలు అంతదూరము పోనక్కఱలేదు. ఇరుగుపొరుగులనుండి నాలుగు విధముల ఫోనులు, రెండు కంప్యూటరులు సమకూర్చుకొన్న చాలును. అందొకటియైనను పాతది, చవుకది కావలెను. లక్ష్మి, రాష్ట్రము, స్త్రీ, జ్ఞానము, కృష్ణుడు వంటి మాటలు గల పేరాను ప్రతి యంత్రమునందును చదువవలెను. అక్షరములు పెద్దవి చేసి చూడవలెను. వత్తులు తెగుచున్నవా, పంక్తులు ఒకదానిపై నొకటి పడుచున్నవా గమనింపవలెను. ఒక మాటను వెదకి చూడవలెను. నకలు తీసి వేఱొకచోట అతికించి చూడవలెను. కాగితముపై అచ్చుతీసి చూడవలెను. చదివి వినిపించు సాధనముతో వినవలెను. ముఖ్యవిషయమును బొమ్మగా పెట్టరాదు. బొమ్మను వెదకు యంత్రము కనుగొనలేదు, అంధుడు వినలేడు.

ఇది ఇల్లాండ్రును విద్యార్థులును చేయదగిన పని. ప్రూఫు దిద్దుటకు అచ్చుపని తెలియనక్కఱలేదు, తెలుగు తెలిసిన చాలును; ఇదియు అట్లే. తప్పు కనబడినప్పుడు ‘మా ఫోను మంచిది కాదు’ అని తమ్ము తాము నిందించుకొని ఊరకుండుట మన గృహములలో అలవాటైపోయినది. ఆ అలవాటును మానవలెను. ఏ ఫోను, ఏ బ్రౌజరు, ఏ మాట, ఎట్లు కనబడెను అను నాలుగు సంగతులు వ్రాసి పుటవారికి తెలుపవలెను. ఫైర్‌ఫాక్సు, క్రోము మొదలగువానిని నిర్మించువారు ఇట్టి ఫిర్యాదులను బహిరంగముగా స్వీకరించి దిద్దుదురు. మనము చెప్పనిచో తెలుగులో లోపము కలదని వారికెట్లు తెలియును?

అచ్చుకాలమున తప్పొప్పుల పట్టిక లేని పుస్తకమును పెద్దలు చిన్నచూపు చూచిరి. ప్రూఫు దిద్దక పుస్తకము వెలువరించుట చదువరిపట్ల అగౌరవమని ఎంచిరి. నేటి ప్రకాశకునికిని అదే నీతి వర్తించును. తన యంత్రమున చూచుకొన్నది ప్రూఫు మాత్రమే. పరుల యంత్రములందు చూచినప్పుడే ప్రచురణ పూర్తియగును. తెలుగులో పుటలు ఎన్ని పెరిగెనో లెక్కించి సంతసించుటకు ముందు, వానిలో ఎన్ని కడపటి పేదయింటి ఫోనులో తప్పులేక చదువబడుచున్నవో విచారించుట మేలు. ప్రభుత్వ కార్యాలయములును, విద్యాలయములును, పత్రికలును ఈ పరీక్షను నియమముగా పెట్టుకొనవలెననియు, పాఠకులు దానిని హక్కుగా కోరవలెననియు మేము విన్నవించుచున్నాము.